పిల్లల పళ్లకు క్లిప్పులు: ఆగవలసినవి, ఆగకూడనివి

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఏడెనిమిదేళ్ల పిల్లల పళ్ల గురించి తరచూ రెండు మాటలు ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చిన అమ్మమ్మ "పళ్లన్నీ రానియ్యమ్మా, ఇప్పటినుంచే బిడ్డకు ఆ తీగలెందుకు?" అంటుంది. వీధి చివరి క్లినిక్కులో "దవడ ఎదిగే వయసులోనే మొదలుపెట్టాలి, ఆలస్యమైతే కష్టమవుతుంది" అంటారు. మొదటిది పాతకాలపు మాట, రెండోది శాస్త్రం అని తేల్చేయడం తేలిక. నిజానికి రెండూ సరైన మాటలే, కాకపోతే అవి వేర్వేరు సమస్యలకు వర్తిస్తాయి. ఏ మాట ఏ సమస్యకు చెందుతుందో విడదీసి చెప్పేవారు దొరకక, కొన్నాళ్లు ఆగినా నష్టంలేని పిల్లలకు ముందే క్లిప్పులు పడుతున్నాయి, ఆగకూడని పిల్లలు అదను దాటిపోయాక ఆసుపత్రికి వస్తున్నారు. ఈ వ్యాసం ఆ విడదీయడం కోసమే.

పళ్ల పొందిక అంటే నోరు మూసినప్పుడు పై పళ్లు, కింది పళ్లు ఒకదానితో ఒకటి కూర్చునే తీరు. సరైన పొందికలో పై వరస కింది వరసకు చుట్టూ కాస్త బయటగా, డబ్బా మీద మూత కూర్చున్నట్టు ఉంటుంది. పై ముందుపళ్లు కింది వాటికంటే రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు ఉండి, వాటి పైభాగాన్ని కొంతమేర కప్పుతాయి. అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో, ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడపళ్లు పైనా కిందా ఎలా కలుస్తున్నాయన్న దాన్నిబట్టి ఈ పొందికను మూడు తరగతులు చేశాడు. ఈనాటికీ వైద్యులు చీటీ మీద రాసే క్లాస్ వన్, క్లాస్ టూ, క్లాస్ త్రీ అన్నవి అవే. దవడపళ్లు సరిగ్గా కలిసి, తక్కిన పళ్లు మాత్రం ఇరుకుగానో ఎడంగానో వంకరగానో ఉంటే మొదటి తరగతి. కింది దవడపన్ను ఉండవలసిన చోటుకంటే వెనక్కు ఉంటే రెండో తరగతి, మనం ఎత్తుపళ్లు అనేవాటిలో చాలా భాగం దీని కిందికే వస్తాయి. కింది పన్ను ముందుకు వచ్చి ఉంటే మూడో తరగతి, వీరిలో కింది ముందుపళ్లు పైవాటిని దాటి బయటికి కనిపించవచ్చు. అయితే యాంగిల్ చూసింది పళ్లను మాత్రమే. ఒకే రకంగా కనిపించే ఎత్తుపళ్లు ఒక పిల్లవాడిలో పళ్లు ముందుకు వాలడం వల్ల, మరొకడిలో కింది దవడ చిన్నదవడం వల్ల రావచ్చు. ఆ తేడా పట్టిచ్చే ప్రక్క ఎక్స్‌రే పద్ధతి 1931లో గానీ రాలేదు. క్లినిక్కులో "సెఫ్ తీయించుకుని రండి" అని పంపేది దాని కోసమే.

అసలు చిక్కంతా దవడలు రెండూ ఒకే లెక్కన ఎదగకపోవడంలో ఉంది. పై దవడ ఎదుగుదల ముందుగా మందగిస్తుంది. అంగిలి మధ్యలో కుడి ఎడమ ఎముకలను కలిపే అతుకు బాల్యంలో వదులుగా ఉండి, యౌవనం దగ్గరపడేకొద్దీ బిగిసిపోతుంది. కింది దవడ మాత్రం ఒళ్లు పొడుగుసాగే కాలంలో, అంటే ఆడపిల్లల్లో సుమారు 11, 12 ఏళ్లకు, మగపిల్లల్లో 13, 14 ఏళ్లకు జోరుగా పెరిగి, ఆ తరువాత కూడా కొన్నేళ్లు నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగతాది చాలావరకు దానంతటదే తేలుతుంది. పై దవడ ఇరుకుగా ఉన్నా వెనకబడి ఉన్నా త్వరగా పట్టుకోవాలి. కింది దవడ వెనకబడి ఉంటే, అది పెరిగే అదను వచ్చేదాకా సాధారణంగా ఆగవచ్చు. దవడలు బాగుండి పళ్లు మాత్రమే గజిబిజిగా ఉంటే శాశ్వత దంతాలు వచ్చేదాకా తొందరేమీ లేదు.

అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ ప్రతి పిల్లవాడినీ ఏడేళ్లు దాటకముందే ఒకసారి ఆర్థోడాంటిస్టుకు, అంటే పళ్ల పొందికను సరిచేసే నిపుణుడికి, చూపించమంటుంది. చాలామంది ఈ మాటను ఏడేళ్లకే వైద్యం మొదలుపెట్టాలన్నట్టు అర్థం చేసుకుంటున్నారు, కొందరు అలా అర్థమయ్యేటట్టు చెబుతున్నారు కూడా. ఆ వయసుకు మొదటి శాశ్వత దవడపళ్లు వచ్చి ఉంటాయి, ముందుపళ్లు రావడం మొదలై ఉంటుంది, కాబట్టి ముందువెనకల పొందిక, పక్కల పొందిక రెండూ కంటికి కనబడతాయి. అందుకే ఆ వయసు. అలా చూపించిన పిల్లల్లో ఎక్కువమంది వినే సమాధానం "ఇప్పుడేమీ అక్కర్లేదు, ఏడాది తరువాత మళ్లీ తీసుకురండి" అన్నదే. ఈ సమాధానం విని డబ్బు దండుగ అనుకునే తల్లిదండ్రులను చూస్తే బాధ కలుగుతుంది. పిల్లల పళ్ల విషయంలో అంత విలువైన మాట మరొకటి లేదు.

చూడటానికి భయపెట్టేవి, నిజానికి మామూలువి కొన్ని ఉన్నాయి. ఆరేడేళ్లకు కింది పాలపళ్లు ఊడకముందే వాటి వెనక శాశ్వత దంతాలు మొలిచి రెండు వరసలు కనబడితే తల్లులు కంగారుపడతారు. పాలపన్ను కదులుతున్నంతవరకు సాధారణంగా అది తానే ఊడిపోతుంది, వెనక వచ్చిన పన్నును నాలుక క్రమంగా ముందుకు తోస్తుంది. కొన్ని నెలలైనా పాలపన్ను కదలకపోతే అప్పుడు తీయించాలి. అలాగే 8 నుంచి 11 ఏళ్ల మధ్య పై ముందుపళ్లు విసనకర్రలా విడిపోయి మధ్యలో సందు కనబడుతుంది. లోపలినుంచి దిగుతున్న కోరపళ్లు పక్కపళ్ల వేళ్లను నొక్కడం వల్ల వచ్చే తాత్కాలిక స్థితి ఇది. కోరపళ్లు కిందికి దిగినప్పుడు ఆ సందు చాలామందిలో తానే మూసుకుంటుంది. ఈ దశలో అందం కోసం తీగలు వేసి పళ్లను దగ్గరకు లాగితే, దిగుతున్న కోరపన్ను పక్కపన్ను వేరును తినేసే ప్రమాదం ఉంది.

ఇక ఆగకూడనివి. వీటిలో మొదట చెప్పవలసింది అడ్డపొందిక, అంటే వెనకవైపు పై పళ్లు కింది పళ్లకు బయటగా ఉండవలసింది పోయి లోపలగా దిగడం. దీన్ని కనిపెట్టడానికి వైద్యుడు చేసే పరీక్ష దగ్గరగా చూడదగ్గది. పిల్లవాడిని నెమ్మదిగా నోరు మూయమంటాడు. పై పళ్లు, కింది పళ్లు మొదటిసారి తగిలే చోట ఆపమంటాడు. అక్కడ రెండు వరసల మధ్యగీతలు ఒకదాని కింద ఒకటి సరిగ్గానే ఉంటాయి. ఇప్పుడు గట్టిగా కరవమంటే గడ్డం ఒక పక్కకు జారుతుంది, మధ్యగీత తప్పుతుంది. పై దవడ ఇరుకుగా ఉండటంతో సూటిగా మూస్తే పళ్లు ఆనక, సౌకర్యం కోసం పిల్లవాడు దవడను పక్కకు జరుపుకుంటున్నాడన్నమాట. రోజుకు కొన్ని వందలసార్లు అలా జరుపుకుంటూ పోతే ఎదుగుతున్న దవడ ఆ వంకరకే అలవాటుపడి, ముఖం రెండు పక్కలా సమానంగా లేకుండా పోవచ్చు.

దీనికి వైద్యం అంగిలిని వెడల్పు చేయడం. పై దవడపళ్లకు అతికించిన పరికరం మధ్యలో ఒక మర ఉంటుంది. ఇంటి దగ్గర తల్లో తండ్రో చిన్న తాళంచెవి లాంటి పుల్లతో దాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు తిప్పాలి. ఒక్కో తిప్పుకు దాదాపు పావు మిల్లీమీటరు చొప్పున అది తెరుచుకుంటుంది. కొద్దిరోజుల్లో పై ముందుపళ్ల మధ్య పెద్ద సందు ప్రత్యక్షమవుతుంది, ముందుగా చెప్పకపోతే ఇంట్లో గగ్గోలు పుడుతుంది. అంగిలి అతుకు విచ్చుకుంటోందనడానికి అదే గుర్తు, కొన్ని వారాల్లో ఆ సందు తగ్గిపోతుంది. తిప్పడం రెండు మూడు వారాల్లో అయిపోయినా, విచ్చుకున్న చోట కొత్త ఎముక నిండటానికి పరికరాన్ని మరికొన్ని నెలలు ఉంచుతారు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇంత సులువుగా జరిగే పనికి, అతుకు బిగిసిన తరువాత ఎముకలోకి మరలు దించడమో శస్త్రచికిత్సో అవసరం కావచ్చు.

రెండోది మూడో తరగతి, అంటే పై దవడ వెనకబడి కింది పళ్లు ముందుకు వచ్చినట్టు కనబడటం. తండ్రికో తాతకో అలా ఉంటే ఇంట్లోవాళ్లు "మా వంశపు పోలిక" అని వదిలేస్తారు. పోలిక నిజమే, దీనిలో వంశపారంపర్యం బలంగానే ఉంటుంది. అందుకే మరింత ముందుగా చూపించాలి. నుదుటికి, గడ్డానికి ఆనుకునే ముఖపట్టీకి లోపలి పరికరాన్ని రబ్బరు బ్యాండ్లతో కలిపి, పై దవడను ముందుకు లాగుతారు. సాయంత్రం బడి నుంచి వచ్చినప్పటినుంచి తెల్లవారేదాకా, రోజుకు 12 నుంచి 14 గంటలు పెట్టుకోవాలి. బ్రిటన్‌లో పలు ఆసుపత్రులు కలిసి పదేళ్ల లోపు పిల్లలమీద చేసిన పరిశోధనలో, ఆరేళ్ల తరువాత చూసినప్పుడు దవడ శస్త్రచికిత్స అవసరమని తేలినవారు ఈ వైద్యం పొందినవారిలో 36 శాతం, పొందనివారిలో 66 శాతం. ఈ అంకెలు రెండు విషయాలు చెబుతున్నాయి. ముందుగా వైద్యం చేస్తే గణనీయమైన ప్రయోజనం ఉంది. అయినా ప్రతి ముగ్గురిలో ఒకరికి కింది దవడ తన దారిన తాను పెరిగిపోతుంది. ఈ రెండో సంగతిని తల్లిదండ్రులకు మొదటిరోజే చెప్పని వైద్యుడు సగమే చెప్పినట్టు.

పై ముందుపన్ను ఒక్కటే కింది పన్నుకు లోపలగా దిగినా ఆగరాదు, ఎందుకంటే ఆ తాకిడికి కింది పన్ను చిగురు కిందికి జారిపోతుంది, పళ్ల అంచులు అరుగుతాయి.

తరువాత చెప్పుకోవలసినవి పాలపళ్లు. "ఊడిపోయే పళ్లే కదా, పుచ్చితే పుచ్చనీ" అన్న మాట మన ఇళ్లలో ఎంత సాధారణమో అంత నష్టం చేస్తోంది. వెనకనున్న రెండో పాల దవడపన్ను పదకొండేళ్ల దాకా నోట్లో ఉండవలసినది. దాన్ని ఏడేళ్లకే పుచ్చి పీకిస్తే, దాని వెనక ఉన్న శాశ్వత దవడపన్ను ఖాళీలోకి ఒరిగిపోతుంది, కింద తయారవుతున్న పన్నుకు చోటు పోతుంది. చోటు నిలిపే చిన్న తీగచట్రం వేయిస్తే సరిపోయేదానికి, ఆ పని చేయనందువల్ల తరువాత రెండేళ్ల క్లిప్పుల వైద్యం అవసరమైన పిల్లలు ఎందరో. పాలపన్ను పీకించినప్పుడు "చోటు నిలపాలా?" అని అడగడం మాత్రం మరువకూడదు.

కోరపళ్ల సంగతి ఇంకా చాలామందికి తెలియదు. పై కోరపన్ను చాలా ఎత్తునుంచి బయలుదేరి, పొడవైన దారి నడిచి 11, 12 ఏళ్లకు బయటపడుతుంది. కొందరిలో దారి తప్పి అంగిలివైపు పోతుంది. పది పదకొండేళ్ల వయసులో పై పెదవి ఎత్తి, పాల కోరపన్ను పైన చిగురు మీద వేలితో తడిమితే రెండు పక్కలా గడ్డలాగా తగలాలి. ఒకపక్క తగిలి రెండోపక్క తగలకపోతే ఎక్స్‌రే తీయించాలి. స్వీడన్‌లో చేసి 1988లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆ వయసులో పాల కోరపన్నును తీసేయడంతోనే దారి తప్పిన 46 కోరపళ్లలో 36 తమంతట తామే సరైన దారికి వచ్చాయి. పద్నాలుగేళ్లకు కనిపెడితే చిగురు కోసి, పన్నుకు గొలుసు తగిలించి, నెలల తరబడి కిందికి లాగాలి.

అలవాట్లు కూడా పొందికను చెడగొడతాయి. బొటనవేలు చీకే పిల్లల్లో ముందుపళ్ల మధ్య వేలు పట్టేంత ఖాళీ ఏర్పడుతుంది, పై దవడ ఇరుకవుతుంది. శాశ్వత ముందుపళ్లు రాకముందే, అంటే ఆరేళ్ల లోపు మానేస్తే చాలావరకు తానే సర్దుకుంటుంది. వేలికి వేపనూనె రాయడం, నలుగురిలో కోప్పడటం కంటే పిల్లను తన వైపు తిప్పుకుని మాన్పించడం మేలు. అలా మానకపోతే నోట్లో అమర్చే పరికరాలున్నాయి. రాత్రిళ్లు నోరు తెరుచుకుని గురకపెట్టే పిల్లలను మాత్రం ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు, గొంతులోని టాన్సిల్స్ ఊపిరికి అడ్డుపడుతుంటే ఆ సంగతి చూడకుండా పళ్లను సరిచేయబోవడం వరస తప్పినట్టే.

ఇప్పుడు అందరినీ ఎక్కువ తికమకపెట్టే ఎత్తుపళ్ల దగ్గరికి వద్దాం. కింది దవడ వెనకబడిన పిల్లలకు ఎనిమిదేళ్లకే పరికరం పెట్టి, మళ్లీ పన్నెండేళ్లకు క్లిప్పులు వేసే రెండు దశల వైద్యం ఒకప్పుడు విరివిగా సాగింది. అమెరికాలో, బ్రిటన్‌లో పిల్లలను రెండు జట్లుగా చేసి ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ ఫలితాలన్నిటినీ కూర్చి 2013లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష తేల్చినదేమిటంటే, ముందుగా మొదలుపెట్టిన పిల్లలకూ, యౌవనారంభంలో ఒకేసారి చేయించుకున్న పిల్లలకూ చివరికి దవడల తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందు మొదలుపెట్టినవారిలో ముందుపళ్లకు దెబ్బలు తగలడం మాత్రం తగ్గింది. కాబట్టి పళ్లు బాగా ముందుకు వచ్చి, పెదవులు మూతపడక, ఆటల్లో పడి విరగ్గొట్టుకునే ప్రమాదమున్న పిల్లవాడికి, లేదా తోటిపిల్లల ఎగతాళికి బడికే వెళ్లనంటున్న పిల్లకు ముందుగా మొదలుపెట్టడం న్యాయమే. మిగతావారికి ఒళ్లు పొడుగుసాగే వయసుదాకా ఆగి, కింది దవడను ముందుకు ఉంచే ట్విన్ బ్లాక్ వంటి పరికరం తొమ్మిది నెలలో ఏడాదో పెట్టించి, వెంటనే క్లిప్పులకు వెళ్లడం వల్ల పిల్లవాడి ఓపిక, ఇంటివారి డబ్బు రెండూ మిగులుతాయి. నా అభిప్రాయంలో తొందరపెట్టి చేయించే వైద్యంలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతోంది.

పళ్లు ఇరుకుగా ఉన్నప్పుడు నాలుగు చిన్న దవడపళ్లు తీయాలంటే పెద్దవాళ్లు అడ్డుపడతారు. పై పళ్లు పీకిస్తే కంటిచూపు దెబ్బతింటుందన్న భయం మనవాళ్లలో గట్టిగా ఉంది. కంటిచూపు నరానికీ పళ్ల నరాలకూ ఏ సంబంధమూ లేదు. అలాగని ప్రతి ఇరుకుకూ పళ్లు తీయనక్కర్లేదు. పాల దవడపళ్లు వాటి చోట వచ్చే శాశ్వత దంతాలకంటే వెడల్పు కాబట్టి, అవి ఊడినప్పుడు కింది దవడలో ఒక్కో పక్క సుమారు 1.7 మిల్లీమీటర్లు మిగులుతుంది. సకాలంలో లోపలివైపు ఒక తీగ వేసి ఆ చోటును కాపాడుకుంటే కొద్దిపాటి ఇరుకు దానితోనే తీరిపోతుంది. ఇరుకు మరీ ఎక్కువైనా, పళ్లు బాగా ముందుకు వాలి ఉన్నా తీయడమే మంచిది. చోటులేని ఎముకలోకి పళ్లను బలవంతంగా నెట్టితే చిగుళ్లు చెడతాయి.

క్లిప్పుల వైద్యానికి ఏడాదిన్నర, రెండేళ్లు ఎందుకు పడుతుందని అడుగుతారు. పన్ను ఎముకలో బిగించి ఉండదు, సన్నని నార వంటి పొర దాన్ని పట్టి ఉంచుతుంది. తీగ నెట్టినవైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక పడుతుంది. ఇది నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు లెక్కన సాగే పని, బలం పెంచినంత మాత్రాన వేగం పెరగదు, పళ్ల వేళ్లు అరిగే ముప్పు పెరుగుతుంది. ఈ కాలంలో జంతికలు, చిక్కీలు, చెరుకుముక్కలు కొరికి క్లిప్పు ఊడగొట్టుకున్నప్పుడల్లా వైద్యం ఇంకా ఆలస్యమవుతుంది. అంతకంటే పెద్ద నష్టం శుభ్రత లోపించడం వల్ల వస్తుంది: క్లిప్పుల చుట్టూ పాచి నిలిచి, అవి తీసిన రోజున పళ్ల మీద తెల్లటి మచ్చలు బయటపడతాయి, అవి పూర్తిగా పోకపోవచ్చు. అందుచేత పుచ్చుపళ్లు, వాచిన చిగుళ్లు ఉన్న పిల్లవాడికి అవి నయం కాకుండా క్లిప్పులు వేయరాదు.

తీగలకు బదులు పళ్లకు తొడిగే పారదర్శక అలైనర్లు రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకునే క్రమశిక్షణ ఉన్న పిల్లలకు, తగిన సమస్యలకు పనికివస్తాయి. నోరు చూడకుండా, ఎక్స్‌రే లేకుండా కొరియరులో పంపేవాటి జోలికి పిల్లలను పోనివ్వకూడదు. క్లిప్పుల అవసరమే లేకుండా చేస్తాయని చెప్పి అమ్మే, నోట్లో పెట్టుకునే మెత్తని సిలికాన్ ట్రైనర్ల వెనక ఆ మాటను నిలబెట్టేంత గట్టి ఆధారాలు లేవు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మిగిలింది. బి.డి.ఎస్. తరువాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎం.డి.ఎస్. చేసినవారే ఈ పనిలో నిపుణులు, క్లినిక్కుకు వారు ఏ రోజుల్లో వస్తారో కనుక్కోవాలి. ఈ వైద్యంలో నెలకోసారి చొప్పున ఇరవైకి పైగా సందర్శనలు ఉంటాయి కాబట్టి, పేరున్న దూరపు చోటుకంటే బడి నుంచి వస్తూ దిగగలిగే చోటు మంచిది. ఖర్చు భరించలేనివారికి పార్క్ టౌన్‌లో ఫోర్ట్ స్టేషన్ ఎదురుగా తమిళనాడు ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో వచ్చేవారికి కూడా అందుబాటు. అక్కడ ఆచార్యుల పర్యవేక్షణలో ఎం.డి.ఎస్. విద్యార్థులు చేస్తారు. వరసలో వేచి ఉండాలి, విద్యార్థి చదువు ముగిస్తే మధ్యలో మరొకరి చేతికి మారవచ్చు, ఆ సంగతి తెలిసి వెళ్లాలి. ఎక్కడికి వెళ్లినా ఒక ప్రశ్న అడగండి: "ఇప్పుడు మొదలుపెట్టకుండా రెండేళ్లు ఆగితే ఏం పోతుంది, డాక్టరుగారూ?" దీనికి ఎక్స్‌రే చూపిస్తూ సూటిగా జవాబు చెప్పగలిగినవారి దగ్గర మొదలుపెట్టవచ్చు. జవాబు రాకుండా ఆఫర్ గడువు గురించి మాట వస్తే మరొకరి అభిప్రాయం తీసుకోవాలి. ఉద్యోగాలు హైదరాబాదుకో అమెరికాకో మారే కుటుంబాలు మొదటి ఎక్స్‌రేలు, ఫొటోలు, పళ్ల అచ్చులు లేదా స్కాన్ల ప్రతులు తమ దగ్గర ఉంచుకోవాలి. బదిలీ ఏడాదిలోపే ఉందని తెలిస్తే, కుదిరినచోట, కొత్త ఊళ్లోనే మొదలుపెట్టడం నయం.

క్లిప్పులు తీసిన రోజుతో పని అయిపోలేదు. పన్నును పట్టి ఉంచే నారలు కొత్త చోటుకు అలవాటు పడటానికి ఏడాదికి పైగా పడుతుంది, ఆ తరువాత కూడా వయసుతోపాటు పళ్లు కదులుతూనే ఉంటాయి. అందుకే పళ్లు జరగకుండా పట్టి ఉంచే రిటైనర్ మొదట వైద్యుడు చెప్పినన్ని గంటలు, తరువాత రాత్రిళ్లు, ఏళ్ల తరబడి పెట్టుకోవాలి. హోటల్లో తినేటప్పుడు తీసి కాగితంలో చుట్టి పెట్టి అక్కడే మరిచిపోవడం, వేడినీళ్లలో కడిగి వంకర చేసుకోవడం అందరూ చేసే పొరపాట్లు. డబ్బా లేకుండా బయటికి తీయకూడదు, చన్నీళ్లతోనే కడగాలి. పోయినా విరిగినా వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వారంలోనే వెళ్లి కొత్తది చేయించుకోవాలి. మూడో తరగతి పిల్లలను మాత్రం, పళ్లు ఎంత చక్కగా నిలిచినా, కింది దవడ ఎదుగుదల ఆగేదాకా, అంటే పద్దెనిమిదేళ్ల దాకా, మగపిల్లల్లో ఇంకొంచెం ఎక్కువ కాలం, ఏడాదికోసారి చూపిస్తూనే ఉండాలి.